గాలివాన వెలిశాక నష్టం రాయడం ఎలా? (చెట్లు, పంటలు, రేకుల ఇళ్లు, కరెంటు స్తంభాలు)

కొత్తపలక
అందరికీ నమస్కారం. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలులకు మా జిల్లాలో ఏటా ఏదో ఒక మండలం దెబ్బతింటోంది. ఊళ్లకు వెళ్లి నష్టం రాసే కుర్రాళ్ల చేతికి ఇవ్వడానికి ఒక పద్ధతి కావాలి. నా ప్రశ్నలు మూడు. పడ్డవాటిని చూసి గాలి వేగం చెప్పొచ్చా? ప్రభుత్వ సాయానికి గీత 33 శాతం కదా, పంట అంత పోయిందా లేదా అన్నది కంటి అంచనాతో కాకుండా లెక్కతో తేల్చేదెలా? ఊళ్లో అందరూ సుడిగాలి అంటారు, అది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

వాయవ్యం
మూడోదానితో మొదలుపెడతాను. అన్నిటికంటే ముందు మాయమయ్యేవి దాని ఆధారాలే. రోడ్డు మీద చెట్టు పడితే గంటలో రంపం వస్తుంది, కొమ్మలు లాగేశాక అది ఎటు పడిందో చెప్పేవాళ్లుండరు. అందుకే మొదటి రోజు పని పడ్డ చెట్ల దిక్కులు రాసుకోవడమే. మొదలు దగ్గర నిలబడి, తల వైపు చూస్తూ ఫోన్‌లో దిక్సూచి చూపించే డిగ్రీలు రాసుకోండి. ట్రాన్స్‌ఫార్మరు, బైకు, ఇనుప గేటు పక్కన దిక్సూచి తప్పు చూపిస్తుంది. అక్కడి నుంచి నాలుగైదు మీటర్లు పక్కకు జరిగి చూడాలి. అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన దగ్గర తేడా ఒక డిగ్రీ లోపే, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఎక్కువమంది తప్పేది ఇక్కడ: చెట్టు తూర్పుకు పడిందంటే వీచింది పడమటి గాలి. వాతావరణ శాఖ గాలిని అది వచ్చిన దిక్కుతో చెబుతుంది. జట్టులో ఒకరు పడ్డ దిక్కూ, ఇంకొకరు గాలి వచ్చిన దిక్కూ రాస్తే పటం మీద రెండూ ఎదురెదురు బాణాలై, లేని సుడి పుట్టుకొస్తుంది. కాగితం నెత్తిన ‘చెట్టు పడ్డ దిక్కు’ అని ముందే రాసిపెట్టండి.

ముప్పై నలభై బాణాలు గీసేసరికి ఆకారం తేలిపోతుంది. మేఘం లోంచి చల్లటి గాలి ఒక్క ఉదుటున నేలను కొట్టి పక్కలకు చిమ్మితే బాణాలు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. లేకపోతే కిలోమీటర్ల వెడల్పున అన్నీ ఒకే వైపు పడుకుంటాయి. అది డౌన్‌బరస్ట్. నాలుగు కిలోమీటర్ల లోపు అయితే మైక్రోబరస్ట్ అనీ, దాటితే మ్యాక్రోబరస్ట్ అనీ అంటారు. టోర్నడో (మేఘం నుంచి నేల దాకా దిగే సుడిగాలి) దెబ్బ సన్నటి పట్టీలా ఉంటుంది, రెండు పక్కల చెట్లూ పట్టీ మధ్యలోకి వాలతాయి. ఒకదాని మీద ఒకటి పడ్డ చోట కిందిది ముందు పడ్డది. రెండిటి దిక్కులూ విడివిడిగా రాస్తే, గాలి ఎటు నుంచి ఎటు తిరిగిందో కూడా తెలుస్తుంది.

‘రేకు గిరగిరా తిరుగుతూ పోయింది’ అని చాలామంది సాక్ష్యం చెబుతారు. ఏ గాలికి లేచినా రేకు తిరుగుతుంది, కాబట్టి దాన్ని సుడికి ఆధారంగా రాయకండి. మిట్ట మధ్యాహ్నం చెలకల్లో దుమ్ము లేపే సుడిగాలి సంగతి వేరు. ఎండకు కాలిన నేల మీద పుడుతుంది, దానికి మేఘమే అక్కర్లేదు.

గట్టుమీద
వాయవ్యం గారూ, 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో చెట్లు కూలినప్పుడు టోర్నడో అన్నారు, క్లౌడ్‌బరస్ట్ అన్నారు, రకరకాలుగా రాశారు. సుమారు 50 వేల చెట్లన్నారు. అలాంటి చోట లెక్క ఎలా కట్టాలి?

వాయవ్యం
క్లౌడ్‌బరస్ట్ అన్నది వాన లెక్క. గంటలో 10 సెంటీమీటర్లు కురిస్తే ఆ మాట వాడతారు, దానికీ చెట్లు కూలడానికీ సంబంధం లేదు. ఆ రోజు బంగాళాఖాతంలో వాయుగుండం ఉంది, రాత్రికి కళింగపట్నం దగ్గర తీరం దాటింది. హైదరాబాద్ రాడార్‌కూ తాడ్వాయికీ మధ్య దూరం 200 కిలోమీటర్ల పైచిలుకు. అర డిగ్రీ ఎత్తున వదిలిన కిరణం అంత దూరం వెళ్లేసరికి, భూమి వంపు కూడా కలిసి, నేలకు 4 కిలోమీటర్ల పైన పోతుంది. చెట్ల ఎత్తులో వీచిన గాలి దానికి కనబడే దారి లేదు. కాబట్టి అలాంటి చోట అసలు సాక్ష్యం నేల మీద పడున్న చెట్లే.

వేల చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టొద్దు. ముందు సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి హద్దు గీయండి. 10 మీటర్ల స్పష్టత ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. వానాకాలంలో మబ్బు అడ్డమొస్తే సెంటినెల్-1 రాడార్ చిత్రం ఉంది. హద్దు లోపల 50 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పుతో పట్టీలు వేయండి. ఒక్కోటి హెక్టారులో పదో వంతు. వాటి స్థానాలను ఆఫీసులోనే పటం మీద ఖాయం చేసుకుని బయలుదేరాలి. అడవిలోకి వెళ్లాక ఎంచుకుంటే కాళ్లు ఎక్కువ పడ్డ చోటికే పోతాయి, లెక్క రెండింతలవుతుంది. ఒక్కో పట్టీలో వేళ్లతో లేచినవి, మానులో విరిగినవి, కొమ్మలే పోయినవి, నిలబడ్డవి అని నాలుగు గడులు. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీసుకోండి.

నాలుగో గడిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. పక్కన ఎన్ని నిలబడ్డాయో తెలియకపోతే పడ్డవాటి సంఖ్యతో ఏమీ తేలదు. వేళ్లతో లేచిన చెట్టుకైతే వేళ్లతో పాటు లేచిన మట్టి మందం కూడా కొలవండి. అడుగున్నర మట్టి కింద రాయి తగిలిన చోట పెద్ద మాను కూడా తక్కువ గాలికే లేస్తుంది, నేల నాని ఉంటే ఇంకా త్వరగా.

దూలం
మొదటి ప్రశ్నకు నా జవాబు: వేగం చెప్పొచ్చు, కానీ పడ్డ వస్తువును దేనితో, ఎంత గట్టిగా బిగించారో చూశాకే. అమెరికాలో 2007 నుంచి వాడుతున్న ఎన్‌హాన్స్‌డ్ ఫుజిటా కొలమానంలో 28 రకాల కట్టడాలు, చెట్లు ఉన్నాయి. ఒక్కోదానికి దెబ్బ తీవ్రతను మెట్లుగా పెట్టి, మెట్టుకో వేగం ఇచ్చారు. ఆ వేగాలు వాళ్ల చెక్క ఇళ్లకు కట్టినవి, మన రేకుల షెడ్డు మీద రుద్దితే తప్పు వస్తుంది. పద్ధతి మాత్రం తీసుకోవచ్చు.

మన లెక్కకు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాలకు మన దేశ ప్రమాణం) మూడో భాగంలోని సూత్రం చాలు. గాలి ఒత్తిడి చదరపు మీటరుకు న్యూటన్లలో 0.6 × వేగం × వేగం, వేగం సెకనుకు మీటర్లలో. గంటకు 40 కి.మీ. గాలికి చదరపు మీటరు మీద సుమారు ఏడున్నర కిలోల బరువు, 60కి 17 కిలోలు, 80కి 30, 100కి 47, 120కి 68. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు.

ఇప్పుడు మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు జీఐ రేకు తీసుకోండి. దాని బరువు 15 కిలోల లోపే. పైకి లాగే బలం ఈ ఒత్తిడికి సమానమనుకున్నా, 40 కి.మీ. గాలికే 22 కిలోలు. అంటే హుక్కులు లేకుండా పైన రాళ్లు పెట్టిన రేకు ఎగిరిపోయినంత మాత్రాన పెద్ద గాలి వచ్చిందని రాయడానికి వీల్లేదు. పైగా అంచుల దగ్గర, మూలల్లో, చూరు బయటికి వచ్చిన చోట లాగుడు దీనికి ఒకటిన్నర రెట్లు పైనే ఉంటుంది. ముందు వైపు తెరిచి ఉన్న షెడ్డులో లోపలికి చొరబడ్డ గాలి కూడా పైకి నెడుతుంది. కొట్టాలు, కోళ్ల షెడ్లు ముందు పోయేది అందుకే.

రేకు ఎగిరిన చోట కింద వెతికి జె హుక్కు తీసి చూడండి. 8 మి.మీ. హుక్కు వంపు విప్పుకుని సూటిగా అయ్యుంటే గాలి గట్టిదే. హుక్కు బాగానే ఉండి రేకుకు చిల్లు చుట్టూ చీలిక ఉంటే వాషరు చిన్నది, లేదా తుప్పు. రేకులూ హుక్కులూ బాగున్నా అడ్డపైపులతో సహా కప్పు మొత్తం లేచిపోతే, పైపును గోడలో పాతకుండా ఊరికే ఆనించారన్నమాట. ఈ మూడిటికీ ఒకే వేగం రాస్తే అంచనా చెడిపోతుంది.

గోడల విషయం జాగ్రత్త. పిల్లర్లు, అడ్డగోడలు లేని పొడవాటి గోడ, కప్పు పడకముందు, ఒక మోస్తరు గాలికే కూలుతుంది. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు పోయారు. గోడ ఎత్తు, మందం, పిల్లర్ల మధ్య దూరం, ఎన్నాళ్ల కిందట కట్టింది, ఈ నాలుగూ రాయకుండా ‘గాలికి గోడ కూలింది’ అని రాయకండి. పై అంతస్తు పిట్టగోడ నిలబడి ఉందా, వేలాడుతోందా అన్నది చూడకుండా కింద నిలబడి కొలతలు తీయొద్దు.

పదకొండు_కేవీ
స్తంభాల లెక్క చూసి గాలి వేగం చెప్పేవాళ్లకు నా మనవి. 11 కేవీ లైన్ మీద ఒక్క వేపచెట్టు పడితే తీగ లాగుడుకు వరసగా ఐదారు స్తంభాలు పోతాయి. అక్కడ గాలి కొట్టింది చెట్టునే.

తేడా పట్టడం కష్టం కాదు. స్తంభం లైనుకు అడ్డంగా, పొలం వైపు వాలితే గాలి పని. లైను పొడవునా, పక్క స్తంభం వైపు వాలితే తీగ లాగింది. నేల మట్టం దగ్గర కాంక్రీటు పగిలి లోపలి తీగలు బయటపడితే స్తంభం బలం దాటింది. స్తంభం చెక్కుచెదరకుండా మొదట్లో మట్టి నోరు తెరుచుకుంటే పాతిన లోతు చాల్లేదు. పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలి, 9.1 మీటర్ల స్తంభానికి ఐదడుగులు. వరి మడి గట్టు మీద, కాలువ కట్ట మీద అంత లోతు ఉన్నా మెత్తటి మట్టి పట్టు ఇవ్వదు, అక్కడ చుట్టూ కాంక్రీటు వేశారా లేదా చూడండి.

స్తంభం మీదున్న అంకె కూడా రాసుకోండి. ఊళ్లో ఎక్కువగా ఉండే 8 మీటర్ల స్తంభం 140 కిలోల లాగుడుకు చేసింది, 9.1 మీటర్లది 280కి. కేబుల్ టీవీ, ఇంటర్నెట్ వైర్లు కట్టలు కట్టలుగా వేలాడే 8 మీటర్ల స్తంభం మీద గాలి పట్టే మేర పెరుగుతుంది. ఆ కట్టల ఫొటో తప్పనిసరి.

జాగ్రత్త ఒకటి. తెగిన తీగ మెరవకపోయినా, ఊరంతా చీకటిగా ఉన్నా అందులో కరెంటు ఉన్నట్టే అనుకోవాలి. ఎవరింట్లోనో జనరేటరు నడుస్తుంటే ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి ఎక్కొచ్చు. ఇనుప కంచె మీద పడ్డ తీగ ఇంకా ప్రమాదం, ఆ కంచె పొడవునా ఎక్కడ ముట్టుకున్నా కొడుతుంది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పి, కరెంటు సెక్షన్ ఆఫీసు నుంచి లైన్ క్లియర్ అన్న మాట వచ్చాకే దగ్గరికి వెళ్లాలి.

గట్టుమీద
రెండో ప్రశ్న నాకు వదిలేయండి. 33 శాతం అన్నది 2015 నుంచి ఉన్న గీత, అంతకుముందు 50. విపత్తు సహాయ నిధి కింద 2022-23 నుంచి 2025-26 వరకు పెట్టిన రేట్లు హెక్టారుకు వర్షాధారానికి 8,500, నీటి వసతి ఉన్నదానికి 17,000, బహువార్షిక తోటలకు 22,500 రూపాయలు, రెండు హెక్టార్ల వరకు. 17,000 అంటే ఎకరానికి 6,880. గీతకు ఈ పక్క రైతుకు అంతా వస్తుంది, ఆ పక్క రైతుకు ఏమీ రాదు. 30కీ 35కీ మధ్య ఉన్న మడిలో కంటితో చూసి చెప్పడం అన్యాయం.

కోతకొచ్చిన యాసంగి వరికి ఇలా చేయండి. మీటరు చదరం పుల్లలతో చట్రం కట్టుకోండి. మడిలో గట్టుకు మూడు మీటర్లు లోపలగా ఐదు చోట్ల పెట్టి, నేల రాలిన గింజలు లెక్కపెట్టండి. ఎంటీయూ 1010 రకం వరి అయితే వెయ్యి గింజలు సుమారు 23 గ్రాములు. చదరపు మీటరుకు వెయ్యి గింజలు రాలితే ఎకరానికి 93 కిలోలు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండే మడిలో 33 శాతం అంటే 825 కిలోలు, చట్రంలో దాదాపు 9 వేల గింజలు ఉండాలి. నేల పచ్చగా గింజలతో కప్పినట్టు కనిపించినా అది చాలాసార్లు మూడు వేలు దాటదు. సాంబ మసూరి గింజ సన్నం, వెయ్యికి 15 గ్రాముల లోపే, ఎక్కువ రాలినట్టు కనబడుతుంది, బరువు తక్కువ. లెక్కపెట్టడానికి ఓపిక లేకపోతే ఊడ్చి, మట్టి చెరిగి, ఆరబెట్టి తూకం వేయండి. తడి గింజ తూస్తే నష్టం ఎక్కువ చూపిస్తుంది.

పైరు పడిపోవడం వేరు, గింజ రాలడం వేరు. పాలు పోసుకునే దశలో నేలకు పరుచుకుంటే తాలు పోతుంది, పండిన పైరు పడి నీళ్లు నిలిస్తే మొలక వస్తుంది. గింజ గట్టిపడ్డాక 45 డిగ్రీల లోపు వాలినదాన్ని కోసుకోవచ్చు, కోత ఖర్చు పెరుగుతుంది అంతే. కోత ఖర్చు 33 శాతంలోకి రాదు. రైతుకు అది చెప్పే రాయాలి, దాచకూడదు.

లంకభూమి
అరటికి ఈ లెక్క పనికిరాదండీ. 1.8 మీటర్ల ఎడంతో వేస్తే ఎకరాకు 1,250 మొక్కలు. తోటలో నాలుగు చోట్ల వందేసి మొక్కలు వరసగా చూడాలి, చివరి రెండు వరసలు వదిలేసి. గాలి మొదట కొట్టేది అంచు వరసల్నే, అక్కడ నిలబడి రాస్తే తోటంతా పోయినట్టే ఉంటుంది.

గెల వేశాక కాండం విరిగితే ఆ మొక్క పంట పోయినట్టే, సందేహం లేదు. గెల ముప్పావు ముదిరి ఉంటే కూరకు కొంటారు, కానీ నాలుగో వంతు ధర కూడా రాదు. వేళ్లు సగం తెగి వాలిన మొక్క దగ్గరే గొడవ. మొదటి రోజు పచ్చగా ఉంటుంది, వారం తిరిగేసరికి ఆకు పండి గెల ఊరదు. వెదురు గెడ పోటు పెట్టి నిలబెట్టినవి కూడా అన్నీ నిలవవు. అందుకని వాలినవాటికి రంగు గుర్తు పెట్టి, ఎనిమిదో రోజు, పదో రోజు మళ్లీ చూసి అప్పుడు ఖాయం చేయాలి.

గట్టుమీద
మరి ఆకులు చీలికలైన తోట? రైతులు అదీ రాయమంటారు.

లంకభూమి
ఆకు ఈనె విరగకుండా చీలికలైతే నష్టంగా రాయకండి, గెల ఊరుతుంది. ఈనె విరిగి ఆకు వేలాడితే అది పని చేయదు. గెల వేసిన మొక్కకు ఐదారు పని చేసే ఆకులు కూడా మిగలకపోతే కాయ ఊరదు, దాన్ని పాక్షికం కింద రాయండి. ఎన్ని ఆకులు మిగిలాయో అంకె వేయండి, ‘బాగా చీలాయి’ అని మాట రాస్తే పైవాళ్లు కొట్టేస్తారు.

నూజివీడు_తోటలు
మామిడికి తొందర ఎక్కువ, తెల్లారేసరికి పిల్లలూ కూలీలూ ఏరేస్తారు. పది మీటర్ల ఎడంలో ఎకరాకు 40 చెట్లు. వాటిలో ఐదు చెట్లు ముందే అనుకున్న వరసల నుంచి తీసుకుని, చెట్టు కింద పడ్డవీ, చెట్టు మీద మిగిలినవీ రెండూ లెక్కించాలి. శాతం అంటే పడ్డవి భాగించు మొత్తం. పడ్డవి మాత్రమే గుట్టపోసి ఫొటో తీస్తే శాతం రాదు.

రాలిన కాయలన్నీ గాలికి రాలినవి కావు. ముచ్చిక చూడండి. నిన్న రాత్రి రాలిన కాయ ముచ్చిక పచ్చగా, సొన జిగటగా ఉంటుంది, తొక్క మీద కారిన చార తడిగా మెరుస్తుంది. అంతకుముందే రాలినదైతే ముచ్చిక నల్లబడి, సొన చార ఎండి గోధుమరంగులో ఉంటుంది, కాయ కాస్త ముడత పడుతుంది. వాటిని తీసేయాలి. ఏరేసి ఉంటే గంపల లెక్క అడిగి, ఒక గంప తూచి, రాసి, ‘అడిగి రాసింది’ అని పక్కన గుర్తు పెట్టండి.

బంగినపల్లి బరువైన కాయ, ముందు రాలుతుంది. రెండు రకాలు కలిసిన తోటలో రకానికో లెక్క వేయండి, కలిపితే ఇద్దరికీ తప్పు వస్తుంది. కొమ్మ విరిగిన చెట్టుకు వచ్చే ఏటి కాపు కూడా తగ్గుతుంది కాబట్టి విరిగిన ప్రధాన కొమ్మల సంఖ్య వేరే గడిలో రాయండి.

కొత్తపలక
చాలా ఉపయోగం అందరికీ. బీమా ఉన్న రైతు సంగతి? ఇళ్లకు శాతం ఎలా?

గట్టుమీద
ఫసల్ బీమాలో ఒక్క రైతు పొలాన్ని విడిగా చూసేది వడగళ్లు, కొండచరియలు, పొలం మునక, క్లౌడ్‌బరస్ట్, పిడుగు వల్ల నిప్పు, ఇలాంటివాటికే. ఒట్టి గాలికి ఊరంతటి దిగుబడి లెక్కే. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు అకాల వర్షం, వడగళ్ల రక్షణ ఉంది. ఏదైనా 72 గంటల లోపు తెలపాలి. అందుకని వడగళ్లు పడ్డాయా లేదా అన్నది మొదటి రోజే తేల్చండి. వడగళ్లు పడితే ఆకులకు చిల్లులు, కాయకు గాలి వచ్చిన పక్కనే గుంటలు, అరటి కాండం మీద ఒక వైపే నల్లటి దెబ్బలు ఉంటాయి. లేకపోతే లేవనే రాయాలి.

ఫొటోలు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే స్థానం, సమయం వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి.

దూలం
ఇళ్లకు గీత 15 శాతం. 2022-23 నుంచి 2025-26 వరకు పెట్టిన రేట్లలో పాక్షికంగా పోయిన పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000, గుడిసెకు 8,000, పశువుల కొట్టానికి 3,000, పూర్తిగా పోయిన ఇంటికి మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు. శాతాన్ని రేకుల సంఖ్యతో వేయండి. 24 రేకుల్లో నాలుగు పోతే 16.6, గీత దాటింది. మూడు పోతే 12.5, దాటలేదు. పగిలి అక్కడే ఉన్న సిమెంటు రేకునూ పోయినట్టే లెక్కించాలి, అది మళ్లీ నీళ్లు ఆపదు. సన్న పగులు కింది నుంచే కనబడుతుంది, పగలు లోపల నిలబడి తల ఎత్తి చూస్తే వెలుగు గీతలా పడుతుంది. రేకు మీదికి ఎక్కి చూడొద్దు.

పదకొండు_కేవీ
చివరికి వేగం అంకె ఎవరు వేస్తారు? ప్రతి రిపోర్టులో గంటకు 100 కి.మీ. అని ఉంటోంది.

వాయవ్యం
అంకె ఒక్కటి వేయకుండా ‘ఇంత నుంచి ఇంత’ అని వేయండి అన్నా. కొలిచిన గాలికి వాతావరణ శాఖ గీతలు ఉన్నాయి: ఉరుముల గాలి గంటకు 62 నుంచి 87 వరకు తీవ్రం, 87 దాటితే అతి తీవ్రం. స్టేషన్ ఎనిమిది కిలోమీటర్ల అవతల 45 చూపించిందని ఊళ్లో గాలి లేదనడానికి లేదు, మైక్రోబరస్ట్ దాన్ని తాకకుండానే పోతుంది. స్టేషన్ అంకె ఉంటే దూరం, ఎత్తు, సమయంతో పాటు రాయండి. కొలవని గాలికి ‘కొలిచింది’ అని రాయకుండా ‘అంచనా’ అని రాయండి. ఆ అంచనా దేన్ని చూసి కట్టారో, ఉదాహరణకు ‘వంపు విప్పుకున్న 8 మి.మీ. హుక్కులు ఆరు, ఆరోగ్యమైన మాను మధ్యలో విరిగిన వేపలు మూడు, పక్కనే నిలబడ్డ తాటిచెట్లు పదకొండు’ అని పక్క గడిలో ఉండాలి. తొర్ర పడ్డ మాను, చెదలు తిన్న మొదలు, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వేళ్లు నరికిన చెట్టు, ఇవి వేగం లెక్కలోకి రావు, నష్టం లెక్కలోకి మాత్రం వస్తాయి.